ఆగిన తర్వాత పది నిమిషాలు

ఆ వేసవిలో మా రిపేరు షెడ్డుకు అదే ఆఖరి బండి అనుకున్నాం. నడిపి తీసుకురాలేదు, లారీ మీద ఎక్కించి తెచ్చారు. నిమ్మపండు రంగు. ఎత్తు నా నడుము పైకి కొంచెం ఉంటుందేమో, అంతే. రెండే సీట్లు, ఇంజను వాటి వెనక. దించీ దించగానే మా మామగారు దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, మోకాళ్ళు పట్టుకుని వంగి చూసి, "ఇది కారా, అలిగి నేల మీద పడుకున్న దొరసానా?" అన్నారు. ఆ పూట నుంచి దాని పేరు దొరసాని.

దొరసాని యజమాని పళ్ళ డాక్టరు. యాభై దాటిన ఆవిడ. పొట్టి జుట్టు, గట్టి గొంతు. షెడ్డు గుమ్మంలో నిలబడి జబ్బు లక్షణాలు గడగడా చెప్పేసింది.

"ఇరవై నిమిషాలు తిప్పితే చాలు, వేడెక్కిపోతుంది. కూలెంటు పోస్తూనే ఉంటాను, తగ్గిపోతూనే ఉంటుంది. కింద చూస్తే ఒక్క చుక్క తడి ఉండదు. కంపెనీ వర్క్‌షాపు వాళ్ళు రెండు నెలలు ఉంచుకుని ఇంజను మొత్తం మార్చాలన్నారు. ఏ పన్ను నొప్పో కనుక్కోలేక దవడంతా తీసేస్తామంటే నేను ఊరుకుంటానా?"

మా ఆయన నవ్వు ఆపుకున్నారు. మామగారు ఆపుకోలేదు.

"నెలాఖరు ఆదివారం మా క్లబ్బు వాళ్ళం కొండ రోడ్డు ఎక్కుతున్నాం. తొమ్మిది బండ్లు. ఆ రోజుకి ఇది పైదాకా ఎక్కిందంటే మిగతా ఎనిమిదీ మీ గుమ్మంలోకే వస్తాయి. అన్నిటికీ ఏదో ఒక రోగం ఉంది, నాకు తెలుసు" అంది డాక్టరమ్మ.

ఆవిడకు తెలియంది ఒకటుంది. ఆ నెల దాటితే మా గుమ్మం ఉంటుందో లేదో మాకే తెలీదు. మా ఆయనకు బస్సు డిపోలో ఫోర్‌మన్ ఉద్యోగం వచ్చింది, ఒకటో తారీఖున చేరాలి. వారానికొక బండి వస్తే గొప్పగా ఉన్న రోజులవి. డిపోలో చేరమని అందరికంటే ఎక్కువ పోరింది నేనే. నలభై ఏళ్ళ కిందట ఆ షెడ్డుకు తన చేత్తో రేకులు వేసుకున్న మామగారు మాత్రం అవుననలేదు, కాదనలేదు. పొద్దున్నే లేచి, వచ్చిన బండి ఏదైనా దాన్ని పైపుతో శుభ్రంగా కడిగేవారు, అంతే.

"ఇదొక్కటీ చూసి మూసేద్దాం" అన్నారు మా ఆయన ఆ రాత్రి అన్నం దగ్గర. మామగారు తల ఎత్తకుండా మజ్జిగ పోసుకున్నారు.

మా వంటింటి కిటికీ షెడ్డులోకే తెరుచుకుంటుంది. కూరలు తరుగుతూనే నేను మొదటి వారం పరీక్షలన్నీ చూశాను. ఇంజన్ను చల్లబరిచే కూలెంటు ఉండే డబ్బాకు చేతిపంపు తగిలించి లోపలికి గాలి ఒత్తిడి ఎక్కించారు. ఎక్కడైనా కారుతుంటే పంపు మీది ముల్లు దిగాలి. అరగంటైనా ముల్లు కదల్లేదు. ఇంజను లోపలి పొగ కూలెంటులో కలుస్తోందేమోనని ఇంకో పరీక్ష పెట్టారు. గాజు గొట్టంలో నీలం మందు పోసి డబ్బా మూతికి ఆనించి ఇంజను తిప్పారు. పొగ ఉంటే నీలం పసుపవ్వాలి. నేను చేతిలో వంకాయ పట్టుకునే కిటికీ దగ్గర నిలబడిపోయాను. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. నీలం నీలంగానే ఉంది.

"అయితే ఇంజనుకేం కాలేదు!" మా ఆయన గొంతులో ఆ ఉత్సాహం విని నేనే ఉలిక్కిపడ్డాను. "లోపలంతా వజ్రంలా ఉంది. కారేది బయట ఎక్కడో."

"బయటైతే తడేదిరా?" అన్నారు మామగారు.

అక్కడ ఆగిపోయింది కథ. రోడ్డు మీద తిప్పి చూస్తేగాని తేలదన్నారు మా ఆయన. తిప్పేటప్పుడు మీటరులో వేడి అంకె ఎవరో ఒకరు చూస్తుండాలి, ఎప్పుడెంత ఉందో రాసుకోవాలి. మామగారు ఎక్కబోయారు. ఒక కాలు లోపల పెట్టారు గాని రెండో మోకాలు మడత పడలేదు. బయటికి తీయడానికి మేమిద్దరం చెరో రెక్కా పట్టుకోవలసి వచ్చింది. రోడ్డవతల టైర్ల కొట్టు బాబాయ్ అక్కణ్ణించే అరిచాడు, "పెద్ద మేస్త్రీ, జాకీ పంపమంటావా?"

"నీ కొట్టు కింద పెట్టి ఎత్తు, ఎండలో ఆరుతుంది!" అని మామగారు ఇక్కణ్ణించి అరిచారు. తర్వాత నా వైపు తిరిగి, "అమ్మాయ్, నువ్వెక్కు. చదువుకున్నదానివి, రాయడమొచ్చు" అన్నారు.

ఆ సీట్లో కూర్చోవడం కుదరదు, అందులోకి దిగాలి. కాళ్ళు ముందుకు చాపి పడుకున్నట్టే ఉంటుంది, నేల అంగుళం దూరంలో పరుగెడుతున్నట్టుంటుంది. ఊరు దాటి మంచి రోడ్డెక్కగానే మా ఆయన కాలు కాస్త నొక్కారు. వెనకాల ఇంజను ఒక్కసారిగా గొంతు మార్చింది. నా వీపు సీటుకు అతుక్కుపోయింది, చేతిలో పెన్ను ఎటో ఎగిరిపోయింది. నేను కెవ్వున అరిచాను. భయం వల్ల కాదు. పెళ్ళైన పదహారేళ్ళలో నేనట్లా అరవడం ఆయన వినలేదేమో, బండి స్లో చేసి, "ఆపనా?" అన్నారు.

"ఆపితే ఊరుకోను!"

ఆయన నవ్వారు. స్టీరింగ్ మీద చేతులు, రోడ్డు మీద కళ్ళు, చెవులు మాత్రం వెనక ఇంజను దగ్గర. ఆ మొహం నేను చూసి ఎన్నాళ్ళైందో. డిపోలో కుర్చీ వేసుకుని కూర్చుంటే ఈ మొహం ఏమైపోతుందోనని ఆ క్షణంలో మొదటిసారి అనిపించింది. కాళ్ళ కింద వెతికి పెన్ను తీసుకుని "తొంభై నాలుగు" అని రాశాను.

మర్నాడు పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు మా ఆయన మూత తీసి కూలెంటు చూశారు.

"కొంచెం తగ్గింది."

"కొంచెమంటే ఎంత?"

"కొంచెమంటే కొంచెమే. గుక్కెడు."

"ఎవరి గుక్క?"

మామగారు కడుగుతున్న పైపు పక్కకు తిప్పి మరీ నవ్వారు. నేను వంటింట్లోకి వెళ్ళి కొలత గీతలున్న గ్లాసు తెచ్చిచ్చాను. అప్పటి నుంచి ఎంత పోశారో మిల్లీలీటర్లలో నాకు చెప్పాల్సిందే. చెప్పకపోతే నేను బండెక్కనని బెదిరించాను. ఆ బెదిరింపు ఉత్తదని అందరికీ తెలుసు. పదకొండు కాకముందే పనులు ముగించుకుని చెప్పులేసుకుని షెడ్డులో నిలబడేదాన్ని.

మొదటి నాలుగు రోజులూ ఎక్కడా ఆపకుండా దూరం వెళ్ళి తిన్నగా వచ్చాం. రోజుకు నూట యాభైకి అటూ ఇటూ తగ్గింది. ఐదో రోజు ఇంట్లో కూరగాయలు లేవు. ఎలాగూ బయటికొచ్చాం కదా అని మార్కెట్టు ముందు ఆపించాను. దొరసానిలోంచి సంచీతో దిగిన నన్ను చూసి బజారంతా నోరెళ్ళబెట్టింది. ఉల్లిపాయలమ్మే ఆవిడ మూడుసార్లు ధర చెప్పడం మర్చిపోయింది. వెనక ఇంజనే ఉంది కాబట్టి సామాన్లు ముందు డిక్కీలో పెట్టాలి, ఐదు కిలోల ఉల్లిపాయలతో అది నిండిపోయింది. టమాటాలు ఒళ్ళో పెట్టుకున్నాను. తర్వాత మందుల షాపు, తర్వాత కుట్టుకిచ్చిన జాకెట్లు, తర్వాత బ్యాంకు. మొత్తం పదిహేను కిలోమీటర్లు కూడా తిరగలేదు.

మర్నాడు పోయాల్సి వచ్చింది ఆరు వందల యాభై.

"నువ్వు తప్పు కొలిచుంటావ్" అన్నారు మా ఆయన.

"కొలిచింది మీరు. రాసింది నేను."

తర్వాతి ఆరు రోజులూ కావాలనే కలిపి చూశాను. ఒకరోజు ఆపకుండా దూరం, ఒకరోజు ఆపుతూ దగ్గర. ఆపిన రోజల్లా పీపా చిల్లిపడ్డట్టే. పైగా కూలెంటు తగ్గినకొద్దీ గొట్టాల్లోకి గాలి చేరి వేడి అంకె నూట ఇరవై దాకా పాకేది. మా ఆయన మెల్లగా పక్కకు తీసి ఆపేసేవారు, కాసేపాగి ఇంటికి చేరేవాళ్ళం. టైర్ల బాబాయ్ రోజూ చూస్తూ, "దొరసాని ఇంకా అలక మానలేదా? ఒకటో తారీఖు వచ్చేస్తోందిరోయ్" అనేవాడు. పన్నెండో రోజు మధ్యాహ్నం షెడ్డులో బల్ల మీద నోట్‌బుక్కు పెట్టుకుని నేను అడిగాను.

"ఇది చూడండి. మార్కెట్టు దగ్గర ఆపినప్పుడు తొంభై ఎనిమిది. పావుగంట తర్వాత తాళం తిప్పితే నూట పది. మందుల షాపు దగ్గరా అంతే, బ్యాంకు దగ్గరా అంతే. నడవని బండి ఎందుకు వేడెక్కింది?"

"ఎందుకంటే, ఆపగానే లోపల కూలెంటు తిరగడం ఆగిపోతుంది. ఇంజనులో ఉన్న వేడి మాత్రం అక్కడే ఉంటుంది కదా. అందుకని కాసేపు పెరిగి అప్పుడు తగ్గుతుంది. ఏ బండైనా అంతే" అన్నారు మా ఆయన.

"అయితే కారేది కూడా నడిచేటప్పుడు కన్నా ఆగాకే ఎక్కువేమో?"

ఆయన నోట్‌బుక్కు తన వైపు తిప్పుకున్నారు. వేలితో ఒక్కో వరుసే చూసుకుంటూ పోయారు.

"ఆగాక ఆ పది నిమిషాలూ మనం ఏం చేస్తున్నాం?" అన్నాను.

ఆయన వేలు ఒక వరుస మీద ఆగిపోయింది. చివరికి మామగారే అన్నారు.

"టీ తాగుతున్నాం."

అవును, టీ తాగుతున్నాం. అది ఆ షెడ్డు పద్ధతి. రోడ్డు మీద నుంచి వచ్చిన బండిని చల్లారేదాకా ఎవరూ ముట్టుకోకూడదు, మర్నాడు పొద్దున కడిగాకే పానా పట్టాలి. ఆ పద్ధతి పెట్టింది మామగారు. వయసులో ఉండగా ఓసారి కాగిపోతున్న లారీ రేడియేటరు మూత తీశారట. మణికట్టు నుంచి మోచేతి దాకా ఆ మచ్చ ఇప్పటికీ మెరుస్తూ ఉంటుంది. అలాంటి మనిషితో వేడి బండి దగ్గరికి వెళ్దామని ఎలా అనడం? నేను నోట్‌బుక్కు మూసి, తెరిచి, మళ్ళీ మూశాను.

"మామయ్యగారూ, ఒక్కరోజు..."

"అర్థమైందిలే అమ్మాయ్." ఆయన మచ్చ మీద అరచేత్తో ఒకసారి రాసుకున్నారు. "కారింది కారినట్టే కాలే గొట్టం మీద పడి ఎగిరిపోయుంటే తడి ఉండదు. మరక మాత్రం ఉంటుంది. ఆ మరకే కదూ నేను రోజూ తెల్లారి లేచి కడిగేస్తోంది?"

"నాన్నా, అదేం కాదు..."

"ఎందుక్కాదు? పన్నెండు రోజులు దొంగతనం జరిగిన ఇంట్లో నేనే చీపురు పట్టుకుని తిరిగాను." ఆయన లేచి గోడకు వేలాడుతున్న రబ్బరు గొట్టం ముక్కొకటి తీసుకున్నారు. "మూత జోలికి మాత్రం ఎవరూ పోకూడదు. పదండి, దొరసానికి జ్వరం తెప్పించి తీసుకురండి."

అంత ఆత్రంగా ఏ ప్రయాణమూ చేయలేదు నేను. ఊరి బయటి దాకా వెళ్ళి, తొంభై తొమ్మిది చూసుకుని, తిన్నగా షెడ్డులోకి వచ్చి ముందే పేర్చి పెట్టుకున్న ఏటవాలు చెక్కల మీదికి ఎక్కించేశాం. మా ఆయన ఇంజను ఆపి, మూతపలక ఎత్తి, టార్చీ తీసుకుని వెనక చేరారు. మామగారు చక్రాల చెక్క మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి జారారు. రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, రెండో కొస చేత్తో పట్టుకుని ఇంజను పక్కనే అటూ ఇటూ తిప్పుతున్నారు. పూర్వం లారీల్లో గాలి కారే చోటు అట్లాగే పట్టేవారట. నా పని గడియారం చూడ్డం.

"రెండో నిమిషం" అన్నాను.

వేడికి లోహం టిక్కు టిక్కుమంటోంది. వేడిగాలి మొహానికి కొడుతోంది.

"మూడు... నాలుగు."

"మాట్లాడకు" అన్నారు మామగారు కింద నుంచి.

ఐదో నిమిషం నేను వేళ్ళు మాత్రం చూపించాను. ఆరోది చూపించేలోపు కింద ఆయన చెయ్యి కదలడం ఆగిపోయింది.

"సుయ్‌మంటోంది. సన్నగా. కుడి పక్క, పొగగొట్టం పైన. టార్చీ కొట్టరా!"

మా ఆయన టార్చీ కొట్టారు, రెండో చేత్తో చిన్న అద్దం పట్టారు. నేను ఆయన భుజం మీంచి వంగి చూశాను. రెండు గొట్టాలు కలిసే చోట అరచేతిలో పట్టేంత నల్లటి ప్లాస్టిక్ జాయింటు. దాని మీద వెంట్రుకంత గీత. ఆ గీత వెంట ఒక చుక్క ఊరింది. నేను కళ్ళార్పలేదు. చుక్క నిండింది, జారింది, కింద కాలుతున్న పొగగొట్టం మీద పడింది. చుయ్. అంతే, మాయం. తియ్యటి వాసన ఒకటి మిగిలింది. ఇంకో చుక్క. చుయ్. నేల దాకా ఒక్కటీ రాలేదు.

"దొరికింది! నాన్నా, దొరికింది!" మా ఆయన అరుపుకు టైర్ల బాబాయ్ రోడ్డు దాటి పరుగెత్తుకొచ్చాడు, ఎవరికో దెబ్బ తగిలిందనుకుని.

"మెల్లగారా, నీ అరుపుకు జడిసి మళ్ళీ మూసుకుపోతుంది" అన్నారు మామగారు.

నిజంగానే మూసుకుపోయింది. పద్నాలుగో నిమిషానికి వేడి తగ్గింది, గీత దగ్గరపడింది, చుక్కలు ఆగాయి. చల్లటి బండికి ఎన్ని పరీక్షలు పెడితే మాత్రం ఏం తెలుస్తుంది? పొగగొట్టం మీద మాత్రం పొలుసులాంటి తెల్లటి పొర, అంచున లేత గులాబీ రంగు. అది చల్లారాక మామగారు గోటితో గీకి, వాసన చూసి, నా అరచేతిలో వేశారు.

"నోట్‌బుక్కులో అతికించుకో అమ్మాయ్."

కొత్త జాయింటు అగ్గిపెట్టెల కట్టంత డబ్బాలో ఐదు రోజులకు వచ్చింది. బిగించడం గంట పని. గొట్టాల్లో చిక్కుకున్న గాలి తీయడానికే ఒక పూట పట్టింది. రేడియేటర్లు ముందు, ఇంజను వెనక, మధ్యలో బండి పొడుగునా గొట్టాలు. ముందు భాగం పైకెత్తి, పోస్తూ ఆగుతూ, పోస్తూ ఆగుతూ. లోపల బుడబుడమన్నప్పుడల్లా ముగ్గురం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. చివరికి బుడబుడలు ఆగిపోయాయి.

ఆదివారం పొద్దున డాక్టరమ్మ వచ్చి తాళం తీసుకుంది. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారుగా నిలబడ్డారు, పక్క సీట్లో తనే కదా అని. ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసి, "మీరెందుకు? ఫోనులో చెప్పారుగా, ఆ నోట్‌బుక్కు అమ్మాయిని పంపండి" అంది.

ఇరవై రెండు మలుపులు. ముందు నాలుగు బండ్లు, వెనక నాలుగు, మధ్యలో మేము. డాక్టరమ్మ ఒక్కో మలుపుకూ పళ్ళు బిగించి, తిప్పేశాక "హా!" అనేది. నేను అంకె చూసి అరిచేదాన్ని. తొంభై మూడు. హా! తొంభై ఐదు. హా! పద్దెనిమిదో మలుపు నిటారుగా ఉంది, అక్కడ తొంభై తొమ్మిదికి ఎక్కింది. మలుపు దాటగానే తొంభై ఆరుకు దిగింది. ఆ ఎండలో, ఆ మోతలో నేను పాడానో అరిచానో నాకే గుర్తులేదు.

పైన బండ్లన్నీ వరసగా ఆగాయి. అందరూ లోయ చూడ్డానికి అంచు దగ్గరికి వెళ్ళారు. నేను దొరసాని వెనక నిలబడి గడియారం చూసుకుంటున్నాను.

"ఏవమ్మా, ఇంతదూరం వచ్చి చుట్టూ చూడవా?" అంది డాక్టరమ్మ.

"పది నిమిషాలాగండి."

ఆవిడ ఏమనుకుందో, ఆవిడా నా పక్కనే నిలబడింది. పది కాదు, ఇరవై నిమిషాలు నిలబడ్డాం. సుయ్యనలేదు, వాసన రాలేదు. డబ్బా గోడలోంచి కనిపించే మట్టం బయట ఉన్న గీత కిందికి దిగలేదు. ఇంటికి ఫోను చేశాను.

"ఏమండీ, తగ్గలేదు."

"కొంచెం కూడానా?"

"కొంచెమంటే ఎంత?" అన్నాను. అటు నుంచి ముందు నవ్వు, తర్వాత ముక్కు చీదిన శబ్దం. మామగారు ఫోను లాక్కుని, "అమ్మాయ్, ఇంకో పావుగంట నిలబడి మరీ రా" అన్నారు.

ఆ రాత్రి అన్నం దగ్గర మా ఆయన పళ్ళెంలో గీతలు గీస్తూ కూర్చున్నారు. నేను కూర వడ్డించడం ఆపాను.

"రేపు డిపోకి ఫోను చేసి రానని చెప్పేస్తా" అన్నారు. ఆ మాట నాన్నతో అన్నా చూసింది నా వైపు.

"పొద్దున్నే చెయ్యండి. వాళ్ళింకొకరిని చూసుకోవాలి కదా" అన్నాను.

మామగారు ఆ పూట మూడోసారి అన్నం అడిగి పెట్టించుకున్నారు.

ఒకటో తారీఖు ఉదయం తొమ్మిదింటికి క్లబ్బు వాళ్ళ ముదురాకుపచ్చ బండి ఒకటి వచ్చి ఆగింది. అదీ నేలకు అతుక్కునే ఉంది. అందులోంచి దిగిన పెద్దమనిషి నేరుగా మా ఆయన దగ్గరికి వెళ్ళి, ఏదో కాలిన వాసన వస్తోందని మొదలుపెట్టాడు. మా ఆయన చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, "ముందు మా ఆవిడకి చెప్పండి. రాసుకునేది తనే" అన్నారు.

నేను పొయ్యి కట్టేసి, నోట్‌బుక్కులో కొత్త పేజీ తీసుకుని షెడ్డులోకి వెళ్ళాను.

"వాసన ఎప్పటి నుంచి వస్తోందండీ?"

"ఈమధ్యే."

"ఈమధ్య అంటే ఏ రోజు? పొద్దునా, సాయంత్రమా? నడుస్తుండగానా, ఆగాకా?"

ఆయన దిక్కు తోచక మా ఆయన వైపు చూశాడు, తర్వాత మామగారి వైపు చూశాడు. ఇద్దరికీ ఒక్కసారిగా ఎక్కడలేని పని గుర్తొచ్చి బండి వెనక్కి చేరారు.